చదువు కూర్చోబెట్టిన దేహం

ఆదోనిలో పత్తి దిగే కాలం వచ్చిందంటే మార్కెట్టు యార్డు తెల్లవారక మునుపే మేల్కొంటుంది. పల్లెల నుంచి వచ్చిన బండ్లూ, లారీలూ బారులు తీరి నిలుస్తవి. బోరెం హమాలీ వీపు మీదికి ఎక్కుతుంది. మిల్లులో దూదీ గింజా వేరుపడతవి. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన, ఎమ్మిగనూరులో, మిగిలిన మగ్గాల గుంటల్లోకి నేతగాళ్ళ కాళ్ళు దిగుతవి. ఒక ఊరు పత్తిని అమ్మి బ్రతికింది. మరొక ఊరు నూలును నేసి బ్రతికింది. రెండు ఊళ్ళనూ నిలబెట్టిన మూలధనం ఒక్కటే – మనిషి కండ.

అటువంటి ఊళ్ళలో రోజంతా కూర్చొని ఉండడమే పనిగా గలవాడొకడు ఈ డెబ్బయి ఏళ్ళలో తయారైనాడు. అతడే కళాశాల విద్యార్థి. తండ్రి వీపు వంచి మోసినాడు కనుక అతడు మోయనక్కరలేకుండా చదువుకొంటున్నాడు. తల్లి ఎండలో పత్తి తీసింది కనుక అతడు పంకా క్రింద కూర్చున్నాడు. ఇది ఆ కుటుంబం సాధించిన విజయం. అందులో సందేహం లేదు. కాని ఆ విజయంలోనే ఒక నష్టం కూడా దాగి ఉన్నది. తరతరాలుగా నడిచిన, ఎత్తిన, మోసిన దేహం ఒక్క తరంలో బల్ల ముందు స్థిరపడిపోయింది. పోయిన శ్రమకు బదులుగా ఏ వ్యాయామమూ దానికి అలవడలేదు. ఆ నష్టం ఎటువంటిదో, దానిని పూడ్చుకొనే దారి ఏదో ఆలోచించవలసిన అవసరం పడమటి కర్నూలు సీమకు ఎంతైనా ఉన్నది.

నీడపట్టు

బళ్ళారి జిల్లాలో భాగమై ఉండిన ఆదోని తాలూకా, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది. రాష్ట్రం మారినా ఆకాశం మారలేదు. వాన నమ్మదగినది కాదు. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే పొలాలు కొన్నే. పంట తప్పిన ఏడాది కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం ప్రాంతాల పల్లెల్లో ఇండ్లకు తాళాలు పడతవి. కుటుంబాలు మూటాముల్లె కట్టుకొని గుంటూరు సీమ మిరప చేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు వలసపోతవి. అట్లా పోయేవారు చదువుకొనే బిడ్డను ముసలివారి దగ్గరనో, వసతిగృహంలోనో వదలిపెట్టి పోతారు. "మా బ్రతుకు ఎండపాలయింది, బిడ్డయినా నీడపట్టున కూర్చొని తినాలి" అన్నదే ఆ తల్లిదండ్రుల కోరిక.

ఈ 'నీడపట్టు' అన్న మాటలో ఒక తరం కన్నీరంతా ఉన్నది. అందుచేత, చదువుకొనే బిడ్డ పార పట్టితే, బిందె ఎత్తితే తల్లి మనస్సు చివుక్కుమంటుంది. "పుస్తకం చూసుకో నాయనా, ఈ పని నీకెందుకు?" అంటుంది. ఆ మాట ప్రేమతోనే పుట్టింది. కాని వినగా వినగా బిడ్డ మనస్సులో అది వేరొక అర్థం సంతరించుకొంటుంది. ఒళ్ళు వంచడం చదువురానివాడి లక్షణమనీ, చెమట పట్టడం చిన్నతనమనీ అతడు భావించడం మొదలుపెడతాడు.

తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమూ, అనంతపురంలో 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమూ, కర్నూలులో 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమూ ఏర్పడినవి. అంటే విశ్వవిద్యాలయం ఈ సీమకు క్రమక్రమంగా దగ్గరవుతూ వచ్చింది. ఆటస్థలం మాత్రం ఆ లెక్కన దగ్గర కాలేదు. పల్లె నుంచి వచ్చే విద్యార్థి దినచర్య చూస్తే చాలు. ఉదయాన బస్సులో కూర్చుంటాడు, తరగతిలో కూర్చుంటాడు, సాయంకాలం మళ్ళీ బస్సులో కూర్చుంటాడు. ఇల్లు చేరిన తరువాత చేతిలోని ఫోను ముందు కూర్చుంటాడు. పరీక్షలు దగ్గరపడితే కూర్చోవడం మరింత పెరుగుతుంది, నిద్ర తరుగుతుంది. కూర్చొని తింటే కొండలైనా కరుగుతవని సామెత. ఆదోని చుట్టూ ఉన్న నల్లరాతి కొండలు కరగవు గాని, ఇరవై ఏళ్ళ దేహం మాత్రం నిశ్చయంగా కరుగుతుంది.

శ్రమ వేరు, వ్యాయామం వేరు

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. పూర్వులు కష్టం చేసినారు కనుక ఆరోగ్యంగా ఉన్నారనీ, చదువు మాని మళ్ళీ పొలానికో మగ్గానికో పోతే అంతా బాగుపడుతుందనీ అనుకోవడం సరికాదు. గుంట మగ్గం మీది నేతగాణ్ణి గమనించండి. కాళ్ళు గుంటలో చెక్కలను తొక్కుతవి. ఒక చెయ్యి తాడు లాగి నాడెను పరుగెత్తిస్తుంది. మరొక చెయ్యి పేక పోగును దగ్గరకు కొడుతుంది. చూపు పడుగు మీదనే ఉంటుంది. చూడడానికి సర్వాంగాలూ కదులుతున్నట్లే ఉన్నవి. కాని నడుము మాత్రం గంటల తరబడి వంగిన చోటనే వంగి ఉంటుంది. అందువల్లనే నడుమునొప్పీ, మోకాళ్ళ బాధా, మసకచూపూ ఆ వృత్తికి తోడబుట్టినవైనవి. పత్తి మిల్లుల్లో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినవారి ఊపిరితిత్తులు చెడుతవన్నది వైద్యులెరిగిన విషయమే.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళ సహకార సంఘాన్ని స్థాపించినారు. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది. నేతగాడి శ్రమకు తగిన విలువ దక్కాలన్నదే అటువంటి సంఘాల ఆశయం. మనిషిని శ్రమ ఒక్కటే బాగుచేయగలిగితే అవి పుట్టవలసిన పనే లేదు. శ్రమ పొట్టకోసం చేసేది; అది దేహంలో ఒక భాగాన్నే పదేపదే వాడుకొని అరగదీస్తుంది. వ్యాయామం దేహం కోసమే చేసేది. అది అన్ని అంగాలనూ సమంగా పిలిచి, అలసట రాగానే విశ్రాంతి ఇచ్చి, బలాన్ని పెంచుతుంది. విద్యార్థి వదలుకోవలసింది మొదటిదానిలోని బాధను. అతడు పొరపాటున వదలుకొన్నది రెండవదానిలోని మేలును కూడా.

కదలికలోని ఈ మేలును శాస్త్రజ్ఞులు నిరూపించిన తీరు ఆసక్తికరమైనది. ఆదోని ఆంధ్రరాష్ట్రంలో చేరిన ఆ 1953వ సంవత్సరంలోనే, జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లండను బస్సు ఉద్యోగులను గురించిన పరిశోధనను ప్రకటించినారు. అక్కడి రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు కూర్చొనే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం దినమంతా మెట్లు ఎక్కి దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే జీవితం. అయినా గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించింది. దేహం కదిలే అవకాశానికీ గుండె ఆరోగ్యానికీ గల సంబంధం అప్పటి నుంచీ ప్రపంచమంతటా పరిశోధనాంశమైనది. భారతదేశంలో మధుమేహం గలవారు 10 కోట్లకు మించినారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం తెలిపింది. ఈ వ్యాధి నలభై ఏళ్ళ వయస్సులో బయటపడవచ్చును గాని, దానికి పునాది వేసే అలవాట్లు ఇరవై ఏళ్ళ వయస్సులోనే ఏర్పడుతవి. కండ తప్ప మరొక ఆస్తి ఎరుగని కుటుంబం ఎన్నో ఏళ్ళు కష్టపడి ఒక్క బిడ్డను పట్టభద్రుణ్ణి చేసి, అతడు ఉద్యోగంలో కుదురుకొన్న పదేళ్ళకే మందులషాపు చుట్టూ తిరగవలసివస్తే, ఆ చదువు ఎవరికి లాభించినట్లు?

గోదా నుంచి తరగతిగది వరకు

వ్యాయామం ఈ సీమకు పరదేశపు విద్య కాదు. ఒకప్పుడు ఊరూరా గరిడీశాలలు, తాలీంఖానాలు ఉండేవి. మట్టి గోదాలో కుస్తీ నేర్చేవారు, దండాలు, బస్కీలు తీసేవారు, కర్రసాము తిప్పేవారు. ఉగాదికో, జాతరకో రాతి గుండును ఎత్తే పందేలు, బండి ఇరుసును ఎత్తే పందేలు జరిగేవి; ఈనాటికీ కొన్ని పల్లెల్లో జరుగుతున్నవి. ఆంజనేయుని గుడి, పీర్ల చావిడి – ఈ రెండింటి నీడనా యువకులు కలిసి సాము చేసినారు. మతం అడ్డురాని చోట్లలో గోదా ఒకటి.

గోదాకూ బడికీ స్నేహం కుదిరిన రోజులు కూడా లేకపోలేదు. మల్లయోధుడుగా దేశవిదేశాల్లో కీర్తి గడించిన కోడి రామ్మూర్తి నాయుడు, సర్కస్ నడపక మునుపు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడు. మద్రాసులో 1920లో హారీ క్రో బక్ స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల, డ్రిల్లు మాస్టరు ఉద్యోగాన్ని ఒక శాస్త్రీయమైన వృత్తిగా తీర్చిదిద్దింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయుడుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం గెలిచింది. చదువుకూ ఆటకూ వైరం లేదని వీరి జీవితాలే చాటుతున్నవి.

తరువాత ఈ స్నేహం చెడింది. మార్కుల పోటీ పెరిగినకొద్దీ డ్రిల్లు పీరియడు లెక్కల పీరియడుగా మారింది. తాలీంఖానాకు పోయేవాడు పోకిరివాడన్న పేరు పడింది. గోదాలో ఉన్నవాడికి చదువు దూరమైనది. చదువుకొన్నవాడికి గోదా దూరమైనది. ఇద్దరూ నష్టపోయినారు.

ఈనాడు తెల్లవారుజామున కళాశాల మైదానాల్లో పరుగెత్తే యువకులు కనిపిస్తారు. చూచి సంతోషించవలసిందే. కాని వారిలో చాలమంది పోలీసు, సైన్యం ఉద్యోగాల ఎంపికకు సిద్ధమవుతున్నవారు. పోలీసు ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉన్నది కనుక పరుగెత్తుతారు. ఫలితాలు వచ్చిన మరునాడు, ఉద్యోగం వచ్చినవాడూ మానుకొంటాడు, రానివాడూ మానుకొంటాడు. పాఠ్యపుస్తకం పరీక్షతో అటక ఎక్కినట్లే పరుగు కూడా అటక ఎక్కుతుంది. వ్యాయామం కూడా ఒక పరీక్షగా మారిపోవడమే ఈ కాలపు విషాదం. అన్నం తినడానికి ఎంపిక పరీక్ష ఎట్లా అక్కరలేదో, ఒళ్ళు కదపడానికీ అట్లే అక్కరలేదు.

ఎంత కదలాలి? ఎక్కడ కదలాలి?

ఎంత వ్యాయామం చాలునన్న ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో స్పష్టమైన సమాధానం ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమగల కదలికనో, 75 నుంచి 150 నిమిషాలు తీవ్రమైన కదలికనో అలవరచుకోవాలి. దానితోపాటు వారంలో కనీసం రెండు దినాలు కండరాలకు బలం కలిగించే వ్యాయామం చేయాలి. లెక్క వేసి చూస్తే ఇది వారానికి ఐదు దినాలు, దినానికి అరగంట వడి నడక మాత్రమే. మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగం ఉంటే అది ఓ మోస్తరు శ్రమ అనుకోవచ్చును.

ఇందుకు డబ్బు పోసి చేరవలసిన వ్యాయామశాలలు తప్పనిసరి కావు. ఆదోని విద్యార్థికి రణమండల ఆంజనేయస్వామి కొండ మెట్లు ఉన్నవి. ఒకనాడు విజయనగర రాజులూ, బిజాపురం సుల్తానులూ, టిప్పూ సుల్తానూ కోరి పోరాడిన కోట కొండలు ఉన్నవి. లండను కండక్టరు ఎక్కిన మెట్ల కన్న ఈ మెట్లు ఏమీ తీసిపోవు. ఎమ్మిగనూరు విద్యార్థికి ఊరి వెలుపలి బండ్ల బాటలు ఉన్నవి. బస్సులో వచ్చేవాడు ఒక స్టేజీ ముందే దిగి నడవవచ్చును. వసతిగృహంలోని వాడికి దండాలు, బస్కీలు, సూర్యనమస్కారాలు, తాడాట చాలును. చాప పరచినంత జాగాలో దేహమంతటికీ పని చెప్పవచ్చును. గంటసేపు చదివిన ప్రతిసారీ లేచి నాలుగడుగులు వేయడం కూడా చిన్న లాభం కాదు.

అయితే సీమ ఎండను మరువరాదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఆ రోజుల్లో పరుగూ ఆటా సూర్యోదయానికి ముందో, పొద్దు వాలిన తరువాతనో సాగాలి. దప్పిక వేసేదాకా ఆగక మధ్యమధ్య నీళ్ళు త్రాగాలి. ఉప్పు వేసిన పలచని మజ్జిగ మరీ మంచిది. తల తిరిగినా, వాంతి వచ్చినట్లున్నా వెంటనే నీడకు చేరాలి. అది పట్టుదల చూపవలసిన సమయం కాదు. కాలువలో ఈతకు దిగే యువకులకు ఒక హెచ్చరిక: నిలువ నీటి బావి వేరు, పారే కాలువ వేరు. గట్టు జారుతుంది, ఒరవడి లాగుతుంది. ఈత తెలిసినవారు తోడు లేకుండా దానిలో దిగడం సాహసం కాదు, అవివేకం.

ఇక ఆహారం. ఈ సీమ తాతల కాలపు భోజనం జొన్నరొట్టె, కొర్రన్నం, రాగి సంగటి, పుంటికూర, బుడ్డల పొడి. తెల్లన్నం ఒకప్పుడు పండుగ భోజనం. ఇప్పుడు పూటపూటా అదే ప్రధానమై కూర్చున్నది. జొన్న తినడం పేదరికమనీ, వరి తినడం హోదా అనీ భావించడం వల్ల జరిగిన మార్పు ఇది. లెక్కలు చూస్తే హోదా ఎటున్నదో తెలుస్తుంది. 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు ఉన్నవి; పాలిషు పట్టిన బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. అంతే తూకం రాగుల్లో 350 మిల్లీగ్రాములకు తక్కువ కాని సున్నం ఉన్నది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాతనయినా, అవ్వ కాల్చే రొట్టె వైపు మనుమడు తలెత్తి చూడాలి. ఉగ్గాని బజ్జీ ఈ ఊళ్ళ ప్రాణం. దానిని మానమని ఎవరూ అనలేరు. ఉగ్గానిలో పుట్నాల పొడి పెంచి, ప్రక్కనుండే బజ్జీలను తగ్గిస్తే రుచీ నిలుస్తుంది, ఒళ్ళూ నిలుస్తుంది. పిడికెడు ఉడికిన బుడ్డలు, కొంచెం బెల్లం సాయంకాలపు ఆకలికి చాలును.

మైదానం లేని సగం

ఇంతవరకు చెప్పినదంతా యువకునికి సులభంగానే ఉన్నది. విద్యార్థిని మాట వేరు. తెల్లవారుజామున మైదానంలో పరుగెత్తే వారిలో అమ్మాయిలు ఎంతమంది? ఆమె పరుగెత్తితే చూసేవారి కన్నులే ఆమెకు అడ్డుగోడలు. ఇంట్లో నీళ్ళు పట్టడం, అంట్లు తోమడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం ఆమె పనులే, "నీకు వ్యాయామం ఎందుకు, ఇంటిపని లేదా?" అని ప్రశ్న. శ్రమకూ వ్యాయామానికీ గల తేడాను మరచినవారి ప్రశ్న అది. పైగా ఆమె దేహంలో రక్తమే తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ వయస్సు గల స్త్రీలలో నూటికి సుమారు 59 మంది రక్తహీనతతో ఉన్నారు. మెట్లు ఎక్కితే ఆయాసం, పుస్తకం తెరిస్తే నిద్ర – వీటిని సోమరితనమని నిందించేవారే గాని రక్తపరీక్ష చేయించేవారు తక్కువ. ఆకుకూరలు, పప్పులు, వాటిమీద పిండిన నిమ్మరసం, భోజనం వెంటనే టీ త్రాగకపోవడం, వైద్యుడు చెప్పిన ఇనుము మాత్రలు – ఇవి ఆమె చదువులో భాగాలే.

కాళిదాసు కుమారసంభవంలో ఒక ఘట్టం ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. తపస్సు చేస్తున్న పార్వతిని పరీక్షింపవచ్చిన శివుడు, బ్రహ్మచారి వేషంలో, ముందుగా అడిగిన కుశలప్రశ్నల్లో ఒకటి – నీ తపస్సు నీ దేహశక్తికి మించకుండా సాగుతున్నదా అని. చదువూ తపస్సే. చదువుకొనే బిడ్డను ఆ ప్రశ్న అడిగే తల్లిదండ్రులు ఎందరు? ఎన్ని మార్కులు వచ్చినవని అడిగేవారే గాని, ఎన్ని గంటలు నిద్రపోయినావని అడిగేవారు అరుదు. ఆ వయస్సు వారికి దినానికి ఏడెనిమిది గంటల నిద్ర కావాలి. నిద్ర మాని బట్టీపట్టిన పాఠం పరీక్ష గదిలోనే జారిపోతుంది.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట వంటి చిన్న ఊరి నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్ క్రీడల్లో బరువులెత్తి కాంస్యపతకం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. గుండు ఎత్తే పందెం మగవాడిదేనన్న మాట ఆనాడే చెల్లిపోయింది. ఈ సీమ అమ్మాయిలందరూ పతకాలు తేనక్కరలేదు. కళాశాల మైదానంలో ప్రతిదినం ఒక గంట వారిదని నియమించి, ఒక వ్యాయామోపాధ్యాయురాలిని నిలిపి, గేటు వద్ద కాపలా ఉంచితే చాలును. అందుకు కావలసింది కోట్ల నిధి కాదు. కళాశాల కాలపట్టికలో ఒక గీత.

చివరకు విషయమంతా ఒక్క మాటకు వస్తుంది. ఒళ్ళు వంచడం తక్కువ పని అని నమ్మిన విద్యార్థి ముందు తన దేహాన్ని చిన్నచూపు చూస్తాడు. తరువాత దేహంతో పనిచేసే తండ్రినీ, మగ్గం మీది పెదనాన్ననూ, పత్తి తీసే అత్తనూ చిన్నచూపు చూస్తాడు. ఉదయాన కొండ మెట్లు ఎక్కి చెమటోడ్చిన విద్యార్థికి హమాలీ వీపు మీది బోరెం బరువు ఎంతో కొంత తెలుస్తుంది. ఆ తెలివి ఏ పాఠ్యగ్రంథంలోనూ దొరకదు. నీడపట్టున కూర్చోబెట్టాలని తల్లిదండ్రులు ఎండలో నడిచినారు. ఆ నడకకు బిడ్డ తీర్చుకోగల ఋణం దినానికి ఒక అరగంట నడక.